‘దేవుడు చెప్పాడు’ అన్నాక ఇంకేమీ అడగకూడదా?

యువజన కూటాల్లో, ఉపవాస ప్రార్థనల్లో, ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది: “దేవుడు నీతో ఎలా మాట్లాడతాడు?” ఒకరు తనకొచ్చిన కల చెబుతారు. ఇంకొకరు బైబిలు తెరవగానే కంటబడిన వచనం చెబుతారు. మరొకరు ఫలానా దైవజనుడు తలమీద చెయ్యి పెట్టి తన మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడంటారు. ఇవేమీ లేని మనిషి వెనక చాప మీద తల దించుకుని కూర్చుంటాడు. అతను రోజూ వాక్యం చదువుతాడు, తీసుకున్న అప్పు ఎగ్గొట్టడు, భార్య మీద చెయ్యెత్తడు, మంచాన పడ్డవాళ్ళను వెళ్ళి చూసివస్తాడు. అయినా తనకు ఆత్మ నడిపింపు లేదని అతను నమ్ముతాడు. సంఘమూ అలాగే అనుకుంటుంది.

మన తెలుగు సంఘాల్లో బాగా పాతుకుపోయిన అభిప్రాయం ఇది. నడిపింపు అంటే నా పెళ్ళి గురించో, వీసా గురించో, కొనబోయే స్థలం గురించో నాకోసమే పైనుంచి వచ్చే కబురు. ఆ కబురు అందుకునే శక్తి కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. తక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగి తెలుసుకోవాలి. అలా ఎక్కువ సూచనలు పొందినవాడే ఎక్కువ ఆత్మీయుడు.

ఈ అభిప్రాయాన్ని నేను పూర్తిగా ఖండిస్తున్నాను. దేవుడు ఇప్పుడు మాట్లాడడని చెప్పేవాళ్ళతో నాకు పొత్తు లేదు. మాట్లాడతాడని నమ్ముతున్నాను గనకనే ఈ ఖండన. ఆయన మాటకు మనసు మెత్తబడడం అంటే దిద్దుబాటుకు ఒప్పుకోవడం, మనకు నచ్చని జవాబుకు కూడా లోపల చోటివ్వడం. సూచనల వెంట తిరిగేవాడు తప్పించుకుంటున్నది సరిగ్గా ఈ పనినే.

అవతలి పక్షం ముందుగా తెచ్చేది గిద్యోను ఉన్ని. నేల పొడిగా ఉండి ఉన్ని తడవాలి, మర్నాడు ఉన్ని పొడిగా ఉండి నేల తడవాలి. దాన్ని చూపించి, మనమూ అలా సూచన అడగవచ్చంటారు. న్యాయాధిపతులు 6వ అధ్యాయం మొదటినుంచి చదివితే ఆ మాట నిలవదు. ఉన్ని పరచకముందే గిద్యోనుకు పని అప్పగించడం అయిపోయింది, తోడుంటానన్న మాట ఇవ్వడం అయిపోయింది, అతను పెట్టిన ఆహారాన్ని రాతిలోంచి లేచిన మంట దహించడం కూడా అయిపోయింది. ఉన్ని పరుస్తూ గిద్యోనే ఒప్పుకుంటాడు, నువ్వు ముందే ఈ మాట చెప్పావని. రెండోసారి అడిగేటప్పుడు కోపపడవద్దని బతిమాలుకున్నాడు. తెలియక అడిగినవాడు అలా బతిమాలుకోడు. దేవుడు అతని బలహీనతను సహించాడు, అది ఆయన దయ. ఆ బలహీనతను మనం ఒక పద్ధతిగా మార్చుకుని యువకులకు నేర్పుతున్నాం.

రెండో ఉదాహరణ బాలుడైన సమూయేలు. దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే వినడం గురించి బైబిలు చెప్పిన సంగతుల్లో ఇంతకన్నా లోతైనది అరుదు. మన సండే స్కూలు పాఠాల్లో ఈ కథ, పిలుపు విని పిల్లవాడు జవాబిచ్చిన దగ్గరే ముగిసిపోతుంది. అసలు కథ ఆ తరువాతే ఉంది. ఆ పిల్లవాడు మందిరంలోనే పడుకునేవాడు, అక్కడే పనిచేసేవాడు. అయినా దేవుని స్వరాన్ని మూడుసార్లు పోల్చుకోలేక ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. పోల్చిచెప్పింది ఎవరు? చూపు మందగించిన, సొంత కొడుకులను అదుపులో పెట్టలేకపోయిన ఒక ముసలి యాజకుడు. ఆ రాత్రి దేవుడు నేరుగా మాట్లాడుతున్నా, అది దేవుని మాటేనని తెలియడానికి మరో మనిషి కావలసి వచ్చింది. తనకు ఎవరి సాయమూ అక్కరలేదని, ఆత్మ నేరుగా చెబుతాడని అనేవాళ్ళు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

ఇక ఆ కబురులో ఏముంది? సమూయేలు భవిష్యత్తు గురించి, అతనికి దొరకబోయే ఆశీర్వాదం గురించి ఒక్క మాటా లేదు. తనను పెంచుతున్న ఆ ముసలాయన ఇంటి మీదికి రాబోయే తీర్పు ఉంది. పిల్లవాడు తెల్లవారేదాకా పడుకుని, ఆ సంగతి చెప్పడానికి భయపడ్డాడు. ఏలీ పట్టుబట్టాక ఏదీ దాచకుండా చెప్పాడు. ఏలీ అది విని ఎదురు తిరగలేదు. ఆ తెల్లవారుజామున ఇద్దరూ విన్నారు. ఒకరికి మాట్లాడడం కష్టమైంది, ఇంకొకరికి వినడం కష్టమైంది. మన కూటాల్లో ప్రవచనం పలికేవాళ్ళ నోట తమ కాపరికి, సంఘంలోని పెద్ద దాతకు ఇలాంటి మాట ఎన్నిసార్లు వచ్చింది? నేను విన్న ప్రవచనాల్లో దాదాపు అన్నిటా ఇల్లు, కారు, విదేశీ ప్రయాణం, శత్రువుల ఓటమి తప్ప ఇంకొకటి లేదు.

ఇప్పుడు వాగ్దాన కార్డుల సంగతి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంనిండా కార్డులు పెట్టి ఒక్కొక్కరినీ ఒక్కొక్కటి తీసుకోమంటారు. ఆ వచనం ఆ సంవత్సరమంతటికీ తమకు దేవుడిచ్చిన మాట అని విశ్వాసులు నమ్ముతారు. ఫ్రిజ్ మీద అంటిస్తారు, పర్సులో పెట్టుకుంటారు, వాట్సాప్‌లో పెడతారు. ఏటికేడాది దుఃఖంలో గడిపినవాళ్ళు ఆశతో చెయ్యి చాపుతారు, వాళ్ళను నేను తప్పుపట్టను. తప్పంతా ఆ పళ్ళెం నింపినవాళ్ళది. ఆ పళ్ళెంలో సిలువ ఎత్తుకోమన్న వచనం ఉండదు. పేదల మీద భారం మోపేవాళ్ళను ఆమోసు గద్దించిన మాటలు ఉండవు. తియ్యని వచనాలు మాత్రం ఏరి పెట్టి, వాటిలో ఏది చేతికొస్తే అది దేవుడు ఎన్నుకున్నాడని చెప్పడం న్యాయం కాదు. ఆ ఎన్నిక ముందురోజే ప్రింటింగ్ ప్రెస్‌లో జరిగిపోయింది.

ఆ కార్డుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. మేలైన ఉద్దేశాలు, భవిష్యత్తు, నిరీక్షణ గురించిన మాట అది. ఆ వచనం ఒక ఉత్తరంలోది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. దానికి సరిగ్గా ముందు వచనంలో ఆ మేలుకు గడువు చెప్పాడు: 70 సంవత్సరాలు. అంటే ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది బబులోనులోనే కన్నుమూస్తారు. అంతవరకు ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఆ ఉత్తరం అడుగుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అదే ఉత్తరం, 8, 9 వచనాల్లో, మీ మధ్య ఉన్న ప్రవక్తలూ సోదెగాళ్ళూ చెప్పేవాటిని, కలలను నమ్మవద్దని హెచ్చరిస్తుంది. త్వరగా తిరిగి వస్తామని చెప్పే కబుర్లు అప్పుడు బాగా చెలామణిలో ఉన్నాయి. కలలనూ సోదెనూ నమ్మవద్దన్న ఉత్తరంలోంచి రెండు వచనాలు దాటి ఒక ముక్క కత్తిరించి, మనం దాన్ని సోదె చీటీ చేశాం.

చీటీలకు క్రైస్తవ చరిత్రలో ఆధారం ఉందని కొందరు చెబుతారు. ఉంది. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరావియన్ సహోదరులు 1731 నుంచి ఏడాది పొడవునా రోజుకొక వచనం చొప్పున పుస్తకంగా అచ్చువేస్తున్నారు. ఆ వచనాలను చీటీలు తీసే ఎంచుతారు. కాని ఆ వచనం సంఘమంతటికీ ఒక్కటే. అందరూ దాన్నే చదువుతారు, దానిమీదే ధ్యానిస్తారు. నీకొకటి నాకొకటి పంచిపెట్టి, అది నీ జాతకమని చెప్పేది కాదు. అదే మొరావియన్లు సంఘ సభ్యుల పెళ్ళిళ్ళకు కూడా చీటీలు వేసేవాళ్ళు. ఆ పద్ధతి మనుషులను ఎంత నలిపిందంటే, 1818 నాటి సినడ్‌లో సాధారణ సభ్యులకు ఆ నిర్బంధాన్ని ఎత్తివేశారు. జాన్ వెస్లీ కథ ఇంకా బాధాకరం. 1737లో, అమెరికాలోని సవన్నాలో సోఫియా హాప్కీని పెళ్ళాడాలా వద్దా అని తేల్చుకోలేక స్నేహితుడితో కలిసి మూడు చీటీలు రాశాడు. ఇక ఆలోచించవద్దు అన్న చీటీ వచ్చింది. అదే నెలలో ఆమె వేరొకరిని పెళ్ళాడింది. చీటీలో దేవుని చిత్తం తెలిసిపోయినవాడు నెమ్మదిగా ఉండాలి. వెస్లీ ఉండలేకపోయాడు. కొన్ని నెలల తరువాత ఆమెకు ప్రభురాత్రి భోజనం నిరాకరించాడు, కేసు అయింది, ఆ ఏడాది డిసెంబరులో ఆ ఊరు విడిచి వెళ్ళిపోయాడు. తరువాతి కాలంలో వేలాదిమందికి కాపరి అయిన మనిషే. ఆ చీటీ అతని హృదయాన్ని ఒక్క అంగుళం కూడా మార్చలేకపోయింది.

తనంతట తాను చీటీ తీసుకున్నవాడు తన జీవితాన్ని మాత్రమే పాడుచేసుకుంటాడు. మరొకరి తరఫున దేవుని కబురు తెచ్చేవాడి ప్రమాదం పెద్దది. మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయాన్ని మన వేదికల మీద ఎందుకు బోధించరో నాకు అర్థం కాదు. యూదా నుంచి ఒక దైవజనుడు బేతేలుకు వచ్చి, రాజైన యరొబాము కట్టించిన బలిపీఠం ఎదుటే తీర్పు చెప్పాడు. అక్కడ రొట్టె తినవద్దు, నీళ్ళు తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి పోవద్దు అని అతనికి ముందే ఆజ్ఞ ఉంది. రాజు పిలిచినా కాదన్నాడు. అప్పుడు బేతేలులో ఉన్న ఒక ముసలి ప్రవక్త గాడిదెక్కి వెంటపడి, నేనూ నీలాంటి ప్రవక్తనే, నిన్ను తీసుకురమ్మని దేవదూత నాతో చెప్పాడు అన్నాడు. అది అబద్ధమని గ్రంథం అక్కడికక్కడే చెబుతుంది. రాజు చూపిన ఆశకు లొంగనివాడు ఆ మాటకు లొంగిపోయాడు. వెళ్ళాడు, తిన్నాడు, తిరుగుదారిలో సింహం వాతపడ్డాడు.

ఆ కథలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది సింహం కాదు. దేవుడు తనతో స్పష్టంగా చెప్పిన మాటను, ఇంకొకరు ‘దేవదూత చెప్పాడు’ అనగానే అతను పక్కన పెట్టేశాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ముసలి ప్రవక్త నిజంగానే ప్రవక్త. భోజనం బల్ల దగ్గర అతనికి నిజమైన మాట కూడా వచ్చింది. అంటే ఒకసారి నిజం పలికినవాడు మరోసారి అబద్ధం పలకవచ్చు. ‘ఆయన చెప్పినవి ముందు జరిగాయి కదా’ అని మనవాళ్ళు చెప్పే వాదనకు ఇంతకన్నా సూటి జవాబు లేదు.

మన మధ్య దీని ఫలితాలు నేను చూసినవే, మీరు చూసినవే. స్వస్థత ప్రవచనం వచ్చిందని షుగరు మాత్రలు ఆపేసి, కాలి పుండుతో ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు. హిజ్కియా రాజుకు స్వస్థత కలుగుతుందని యెషయా నోటనే దేవుడు చెప్పించాడు. ఆ వెంటనే యెషయా చేయించిన పని, పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించడం. ప్రవచనానికీ మందుకూ మధ్య ఆయనకు ఏ తగాదా కనబడలేదు. మాత్రల సంగతి కనీసం బయటికి కనబడుతుంది. ఆడపిల్లల సంగతి బయటికి రాదు. అయ్యగారికి దేవుడు బయలుపరిచాడు, ఈ సంబంధమే నీకు అని అంటే, ఆ పిల్ల ఇంకేం అనగలదు? నాకు ఆ అబ్బాయి నచ్చలేదు అంటే దేవుణ్ణి కాదన్నట్టు. తల్లిదండ్రులను ఎదిరించడం కష్టమే గాని సాధ్యం. దేవుణ్ణి ఎదిరించడం ఎవరికి సాధ్యం? ఆ పేరు వాడి నోరు మూయించడం బలాత్కారం. దానికి ఆత్మీయమైన పేరు పెట్టినంత మాత్రాన అది మారదు.

ఇక్కడ ఒక సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. మన సంఘాల్లో పెళ్ళి సంబంధాలకు వచ్చే ‘దేవుని చిత్తం’ దాదాపు ఎప్పుడూ సొంత కులంలోనే వస్తుంది. కలలో కనబడిన వరుడూ సొంత కులమే. ప్రవచనంలో పలికిన సంబంధమూ సొంత కులమే. కట్నం కూడా చాలాసార్లు ముందు అనుకున్నంతే. క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని తేడా లేదన్న పత్రికను ప్రతి ఆదివారం చదివే మనకు, ఆత్మ మాత్రం కులం గీత దాటి ఒక్క కబురూ పంపలేదంటే ఆ కబుర్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆలోచించడానికి పెద్ద జ్ఞానం అక్కరలేదు.

ఇదే నేల మీద వేరే రకంగా విన్న మనుషులు ఉన్నారు. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లవ్ అక్కడ పై కులాల పిల్లలకు బడి నడుపుతున్నాడు. వాళ్ళ ద్వారా పట్టణమంతా సువార్త వింటుందని ఆశ. అదే సమయంలో ఎర్రగుంట్ల పేరయ్య సాక్ష్యం వల్ల మాదిగలు బాప్తిస్మం కోసం రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మేం ఉండం అని పై కులాల వాళ్ళు చెప్పేశారు. ఆ మథనంలో క్లవ్ ఒక గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయం కనబడిందని, వేరే గదిలో అతని భార్యా అదే భాగం తెరిచిందని అతను తన జీవితకథలో రాసుకున్నాడు. లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. చూశారా, తెరిచిన పేజీలోనే కదా అతనికీ నడిపింపు దొరికింది అని అవతలి పక్షం అనవచ్చు. నేను కాదనను. కాని ఆ పేజీ అతనికి ఏం చేసిందో చూడండి. అతని పథకాన్ని కూల్చింది. పలుకుబడి ఉన్నవాళ్ళను దూరం చేసింది. ఆ పేజీ చెప్పినది సువార్త అంతా చెప్పేదే; ఆ రోజు ఏ పేజీ తెరిచినా, లూకాలో తెరిచినా యాకోబులో తెరిచినా, అతను చెయ్యాల్సిన పని మారేది కాదు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని కొంత కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు గాని, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ కరువు సహాయం సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కళ్ళెదుట అంత జనం ఎదురుచూస్తుంటే ఆగమని చెప్పే స్వరాన్ని విన్నాడు చూడండి, నేను వినడం అంటున్నది దాన్ని. ఆ ఒడ్డున మునిగి లేచిన వాళ్ళ మునిమనవళ్ళం, మునిమనవరాళ్ళం మనలో ఎంతోమందిమి. మన పెళ్ళి ప్రవచనాలు కులం గుమ్మం దగ్గరే ఆగిపోవడం వాళ్ళకు మనం చేస్తున్న అన్యాయం.

అడగడంలో అసలు మోసం ఎక్కడ జరుగుతుందో యిర్మీయా 42వ అధ్యాయం చూపిస్తుంది. యెరూషలేము కూలిపోయింది. బబులోను రాజు నియమించిన అధిపతి గెదల్యా హత్య జరిగింది. మిగిలినవాళ్ళు బబులోనుకు భయపడి ఐగుప్తుకు బయలుదేరి, దారిలో ఆగి యిర్మీయాను వేడుకున్నారు: దేవుణ్ణి అడుగు, మేలైనా కీడైనా ఆయన చెప్పినట్టే చేస్తాం. ఇంతకన్నా భక్తిగా ఎవరూ అడగలేరు. యిర్మీయా వెంటనే జవాబు చెప్పలేదు. పది రోజులు గడిచాక మాట వచ్చింది: ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్ళవద్దు. వాళ్ళు ఏమన్నారు? నువ్వు అబద్ధమాడుతున్నావు అన్నారు. ఐగుప్తుకే వెళ్ళారు, యిర్మీయానూ తమతో తీసుకుపోయారు. వాళ్ళు అడగడానికి ముందే మూటలు కట్టుకున్నారు. కోరినది నడిపింపు కాదు, తమ నిర్ణయం మీద ముద్ర. మన ఉపవాస ప్రార్థనల్లో ఎన్ని ఇలాంటి ముద్రల కోసం జరుగుతున్నాయో మనమే లెక్క చూసుకోవాలి. కాదన్న జవాబుకు చోటు లేకుండా చేసే ప్రార్థన ఎన్ని రోజులు సాగినా అందులో వినడం లేదు.

మరి వినే హృదయం ఎలా తయారవుతుంది? హెబ్రీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం చివర దీనికి సూటి జవాబుంది. మేలు కీడులను వేరుచేసే సామర్థ్యం అభ్యాసం వల్ల వస్తుంది. అది ఒక రాత్రి కూటంలో దిగివచ్చేది కాదు. చెరువు దగ్గర రెండు మందలు కలిసిపోయినప్పుడు, కాపరి ఒక్క కేక వేస్తే అతని గొర్రెలే విడివడి వస్తాయి. ఆ కేక వాటికి ఆ రోజు కొత్తగా నేర్పలేదు. ఎండలో వానలో రోజూ వెంట నడిచి నేర్చుకున్నాయి. వాక్యాన్ని ముక్కలుగా కాక పుస్తకాలకు పుస్తకాలుగా, నచ్చని భాగాలతో సహా ఏళ్ళ తరబడి చదివినవాళ్ళకు ప్రభువు ఏం అంటాడో, ఏం అననే అనడో తెలుస్తుంది. భక్తసింగ్ బైబిలును మోకాళ్ళ మీదే చదివేవాడని హెబ్రోను సహవాసాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1938లో బైబిలు మిషనును స్థాపించిన ఎం. దేవదాసు అయ్యగారి నుంచి వచ్చిన సన్నిధి కూటాల్లో, మాటలాపి కనిపెట్టడం ఇవాళ్టికీ ఉంది. దర్శనాల గురించి ఆ సహవాసం నమ్మే ప్రతిదీ నేను నమ్మను. కాని మైకుల హోరు మధ్య, నోరు మూసుకుని దేవుని ఎదుట కూర్చోవడం మనకు నేర్పిన తెలుగు మనిషి ఆయన. ఆ సంపద మన చేతిలో ఉండగా యూట్యూబ్ లైవ్‌లో మన పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎందుకు ఎదురుచూస్తున్నాం?

లొయోలా ఇగ్నేషియస్ కథ కూడా మనవాళ్ళకు తెలియాలి. రోమన్ కతోలిక్ అని పక్కన పెట్టేవాళ్ళు ఆ పని తరువాత చెయ్యవచ్చు. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డాడు. వీరుల గురించి ఊహించుకుంటే అప్పటికి హాయిగా ఉండేది, తరువాత లోపల ఎండిపోయినట్టు అనిపించేది. క్రీస్తు గురించి, భక్తుల గురించి చదివి ఆలోచిస్తే ఆ సంతోషం తరువాత కూడా నిలిచేది. ఆ తేడాను గమనించడంతో అతని పాఠం మొదలైంది. తరువాత అతను నేర్పిన సూత్రాల్లో ఒకటి మన కాపరులందరూ చెప్పదగింది: మనసు కుంగి, ప్రార్థన పొడిబారిన సమయంలో, నెమ్మదిగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. ఎంతమంది కుంగిన రాత్రి విన్న ‘స్వరం’తో చదువు మానేశారు, పెళ్ళి చెడగొట్టుకున్నారు!

వినడానికి ఇంకొకటి కావాలి: కాదనగలిగిన మనిషి. అపొస్తలుల కార్యములు 16లో పౌలుకు ఆసియ, బితూనియ దారులు మూసుకుపోయాక త్రోయలో మాసిదోనియ మనిషి దర్శనం వచ్చింది. దర్శనం ఒక్కడికి వచ్చింది. దాని అర్థం ఇదని నిశ్చయించుకున్నది మాత్రం ‘మేము’ అని లూకా రాస్తాడు. ఆ దారి తిన్నగా ఫిలిప్పీ చెరసాలకు పోయింది. తలుపులన్నీ తెరుచుకుంటే దేవుని చిత్తం, మూసుకుంటే కాదు అనే మన సూత్రం ఆ చెరసాల గోడ దగ్గర ఏమవుతుంది?

దీనికంతటికీ ఒక జవాబు వస్తుందని నాకు తెలుసు: ఇలా ప్రశ్నించడం ఆత్మను ఆర్పడమే. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఆ మాట ఉన్న మాట నిజం. ఆత్మను ఆర్పవద్దు, ప్రవచనాలను తృణీకరించవద్దు అని చెప్పిన ఊపులోనే, అన్నిటినీ పరీక్షించమని కూడా అక్కడే ఉంది. కొరింథు సంఘంలో ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో పలకాలి, తక్కినవాళ్ళు దాన్ని తూచాలి. పరీక్షించడం ఆత్మ పెట్టిన నియమం. దాన్ని అవిశ్వాసం అనేవాళ్ళు ఎవరి అధికారాన్ని కాపాడుకుంటున్నారు?

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. చదువు రాని ఒక పేద స్త్రీకి కల, ప్రవచనం తప్ప ఇంకే దారి ఉంది? పెద్దలు నిండిన సభలో ఆమె మాట వినిపించడానికి ఆత్మ పలికించిన మాట ఒక్కటే ఆధారం కదా? అవును. ఊరి చివర పాకల్లో పుట్టిన మన సంఘాల చరిత్రలో అలాంటి అమ్మల కలలకూ, కన్నీటికీ ఉన్న స్థానం నేను తక్కువ చెయ్యను. అక్షరం రాకపోయినా ఆరాధనలో విన్న వాక్యాన్నీ, పాడిన పాటలనూ గుండెలో నిలుపుకుని, కాపరి తప్పు మాట్లాడితే గుర్తుపట్టగల అవ్వలు ప్రతి సంఘంలో ఉన్నారు. ఆ అవ్వలకు తూచే హక్కు ఇవ్వమంటున్నాను నేను. ఇప్పటి పద్ధతిలో పేదరాలు కల కంటే దానికి అర్థం చెప్పే అధికారం మాత్రం వేదిక మీది మగవాడిదే. పరీక్ష లేనిచోట బలవంతుడి కలే గెలుస్తుంది.

సూచన రాలేదని నిర్ణయం తీసుకోలేక ఏళ్ళు గడిపేస్తున్న యువతీయువకులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. రెండు ఉద్యోగాలు వచ్చాయి, రెండూ న్యాయమైనవే. ఇద్దరు మంచి విశ్వాసులు పెళ్ళికి అడిగారు. ఏది దేవుని చిత్తం? వాళ్ళకు నేను చూపించేది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయం చివరి రెండు వచనాలు. భర్త చనిపోయిన స్త్రీ గురించి పౌలు రాస్తున్నాడు. ఆమె తనకు ఇష్టమైనవాణ్ణి పెళ్ళి చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే చేసుకోవాలి. సూచన అడగమనలేదు, ప్రవక్త దగ్గరికి పొమ్మనలేదు. ఆ వెంటనే తన అభిప్రాయం చెబుతాడు: అలాగే ఉండిపోతే ఇంకా సంతోషంగా ఉంటుందని, తనకూ దేవుని ఆత్మ ఉందనుకుంటున్నానని. అపొస్తలుడు, దర్శనాలు చూసినవాడు, ఆత్మ ఉన్నవాడు ఒక స్త్రీ పెళ్ళి గురించి మాట్లాడుతూ దాన్ని తన అభిప్రాయం అన్నాడు, ఎంచుకోవడం ఆమెకు వదిలాడు. ఆ విధవరాలికి పౌలు వదిలిపెట్టిన స్వేచ్ఛను మన సంఘాల్లోని ఆడపిల్లల దగ్గరనుంచి లాక్కునే అధికారం ఏ ప్రవచనానికీ లేదు, ఏ అయ్యగారికీ లేదు.